డబ్బు, ఓటు, ఒంటి ఆరోగ్యం: కొత్త పరిశోధనలు విశాఖలో మనకు ఏమైనా పనికొస్తాయా?

చిట్టా_ఆవర్జా | శనివారం, ఉదయం 7:40

ఆరోగ్య బీమా పునరుద్ధరణ నోటీసు వచ్చింది. నాకు 68 ఏళ్లు, మా ఆవిడకు 63. మూడేళ్ల క్రితం 38 వేలు కట్టిన పాలసీకే కిందటి ఏడాది 54 వేలు కట్టాను. "పదకొండేళ్లుగా వాళ్లకు పోసిన డబ్బు బ్యాంకులో వేసుకుని ఉంటే ఒక పెద్ద ఆపరేషన్‌కు సరిపోయేది కదా" అని మా ఆవిడ వాదన. మానేద్దామని ఆవిడ, మానవద్దని బెంగళూరు నుంచి అబ్బాయి. ముప్పై నాలుగేళ్లు ఒక కంపెనీలో లెక్కలు రాసినవాణ్ణి కనుక ఆవిడ లెక్క తప్పని తేల్చేద్దామని వారం రోజులు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చున్నాను. మా పక్కవాటాలోని అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లో ఆర్థికశాస్త్రం పరిశోధన చేస్తోంది. చదవమని కొన్ని పత్రాలు ఇచ్చింది. ఆవిడ లెక్క తప్పని తేల్చలేకపోయాను సరికదా, నా నమ్మకమే కొంత వదులైంది.

బీమా వల్ల ఆరోగ్యం మెరుగవుతుందా అన్నది కనిపెట్టడం అనుకున్నంత తేలిక కాదట. బీమా ఉన్నవారినీ లేనివారినీ పక్కపక్కన నిలబెట్టి పోలిస్తే చాలదు. జబ్బు అనుమానం ఉన్నవాడు ముందుగా పాలసీ తీసుకుంటాడు, చేతిలో డబ్బున్నవాడూ తీసుకుంటాడు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి లేనివాడితో పోలిస్తే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

2008లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో పేదల ప్రభుత్వ బీమాలో సుమారు పది వేల ఖాళీలు ఏర్పడితే దాదాపు 90 వేల మంది పేర్లు ఇచ్చుకున్నారు. లాటరీ తీశారు. ఆర్థికవేత్తలు ఎమీ ఫింకెల్‌స్టీన్, కేథరిన్ బైకర్ బృందానికి అది ఒళ్లో వచ్చి పడిన ప్రయోగం అయింది: పేరు తగిలినవారికీ తగలనివారికీ తేడా అదృష్టం ఒక్కటే. రెండేళ్ల తర్వాత చూస్తే వైద్యానికి వెళ్లడం పెరిగింది. ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లడం 40 శాతం పెరిగింది. రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర కొలతల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు.

పోనీ అది అమెరికా అనుకుంటే, మన పొరుగున కర్ణాటకలోనూ ఇలాంటిదే చేశారు. అనుప్ మలాని బృందం పది వేలకు పైగా కుటుంబాలను తీసుకుని, కేంద్రం 2008లో పేదల ఆసుపత్రి ఖర్చుల కోసం తెచ్చిన ఆర్‌ఎస్‌బీవై అనే బీమా కార్డును కొందరికి ఉచితంగా ఇచ్చారు. కొందరికి కొనుక్కునే అవకాశంతో పాటు కొంత నగదు ఇచ్చారు. కొందరిని డబ్బు పెట్టి కొనుక్కోమన్నారు. మిగిలినవారికి ఏదీ ఇవ్వలేదు. ఉచితమంటే 79 శాతం మంది చేరారు. కొనుక్కోమన్నా 60 శాతం చేరారంటే ఆశ్చర్యపోయాను. కానీ ఆరోగ్యం సంగతి? అక్కడా గణనీయమైన మార్పు కనబడలేదు.

మరి నేను 54 వేలు ఎందుకు కడుతున్నట్టు? తెలిసినవారు చెప్పండి. ఈ నెల 21 ఆఖరి తేదీ.

---

సందేహాల_రావు | శనివారం, ఉదయం 8:15

మాస్టారూ, పరిశోధకులకు లక్షల డాలర్లు ఇచ్చి బీమా కాగితం వల్ల రక్తపోటు తగ్గదని కనిపెట్టించారన్నమాట. మా నాయనమ్మను అడిగితే ఊరికే చెప్పేది.

---

ఏయూ_పరిశోధక | శనివారం, ఉదయం 9:02

మాస్టారు చెప్పిన పక్కవాటా అమ్మాయిని నేనే. పత్రాలు ఇచ్చిన పాపానికి రెండు సవరణలు చేయాలి.

ఒకటి. "తేడా కనబడలేదు" అన్నదీ "తేడా లేదు" అన్నదీ ఒకటి కావు. ఓరెగన్‌లో అందరికీ రక్తపోటు లేదు, అందరికీ మధుమేహం లేదు. ఉన్న కొద్దిమందిలో రెండేళ్లలో వచ్చే చిన్న మార్పును పట్టుకోవడానికి ఆ తూనిక చాలలేదు. బంగారం తూచే త్రాసు కావలసిన చోట బియ్యం కాటా పెట్టినట్టు.

రెండు, ఇది మాస్టారు కావాలనే వదిలేశారని నా అనుమానం. అదే అధ్యయనంలో కుంగుబాటు దాదాపు 30 శాతం తగ్గింది. ఆదాయంలో 30 శాతానికి మించి వైద్యానికి పోసే దుస్థితి దాదాపు మాయమైంది. అంటే బీమా అసలు పని చేసింది. అప్పులోళ్ల భయం నుంచి మనిషిని కాపాడింది. ఇంటికి అగ్నిప్రమాద బీమా తీసుకుంటే గోడలు గట్టిపడ్డాయా అని ఎవరూ కొలవరు కదా.

మన రాష్ట్రం మీదా పని జరిగింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలై, ఆపైన దశలవారీగా విస్తరించింది. ఆ దశల తేడాను పట్టుకుని విక్టోరియా ఫ్యాన్, అనుప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ఒక పత్రం ప్రచురించారు. మొదటి దశ జిల్లాల్లో ఆసుపత్రిలో చేరినప్పుడు జనం సొంత జేబు నుంచి పెట్టే ఖర్చు చెప్పుకోదగ్గంత తగ్గిందని తేల్చారు. కరణ్, మహల్ ఇద్దరూ విన్నీ యిప్‌తో కలిసి 2017లో ఆర్‌ఎస్‌బీవైని పరిశీలిస్తే అంత ఫలితం కనబడలేదు. ఆర్‌ఎస్‌బీవై పరిమితి కుటుంబానికి ఏడాదికి 30 వేలే ఉండేది. ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ గుండె, క్యాన్సర్, మూత్రపిండాల వంటి పెద్ద ఖర్చుల మీద గురిపెట్టింది. పేరు రెంటికీ బీమాయే, లోపలి సరుకు వేరు.

---

వార్డు_సిస్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:50

రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేచి చదివాను. ఆసుపత్రి పేరు చెప్పను, అడగకండి.

కర్ణాటకలో కార్డు ఉన్నా ఆరోగ్యం మారలేదంటే అక్కడ కౌంటర్ దగ్గర ఏమి జరిగిందో ఎవరైనా చూశారా? కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. చేపలు కోసే చేతులకు, రాళ్లు మోసే చేతులకు వేలిముద్ర యంత్రంలో పడదు. పథకం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర భోజనానికి వెళితే స్ట్రెచర్ అక్కడే ఆగుతుంది. అనుమతి వచ్చాక, "ఈ పరీక్ష ప్యాకేజీలో లేదు, బయట చేయించుకురండి" అంటారు. బయట అంటే రోడ్డు అవతల ల్యాబు. అన్నీ దాటి ఇంటికి వెళ్లాక నెలనెలా మాత్రలు కొనుక్కోవాలి, వాటికి ఏ కార్డూ లేదు. ఆపరేషన్ ఉచితంగా అయిన మనిషి మాత్రలు మానేసి ఆరు నెలల్లో మళ్లీ అదే వార్డుకు రావడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు.

కార్డు గీస్తే ఆరోగ్యం రాదు. మధ్యలో మనుషులు ఉంటారు.

---

ఏయూ_పరిశోధక | శనివారం, మధ్యాహ్నం 3:20

సిస్టర్ గారూ, చూశారండీ. ఆ కర్ణాటక పత్రంలోనే ఉంది: కార్డు వాడబోయి వాడలేకపోయినవారు చాలామంది. మీరు ఒక్క పేరాలో చెప్పింది వాళ్లు పట్టికల్లో చెప్పారు.

---

మురళీనగర్_మార్కెట్ | శనివారం, సాయంత్రం 4:05

నాకు నచ్చిన అధ్యయనం ఒకటి వేస్తాను. జోసెఫ్ ఎంగెల్‌బర్గ్, క్రిస్టఫర్ పార్సన్స్ అనే ఇద్దరు ఆర్థిక ఆచార్యులు 1983 నుంచి 2011 వరకు కాలిఫోర్నియా ఆసుపత్రుల్లో ఏ రోజు ఎంతమంది చేరారో తీసి, పక్కన షేర్ మార్కెట్ సూచీ పెట్టారు. మార్కెట్ పడిన రోజు, ఆ మర్నాడు ఆసుపత్రిలో చేరేవారు పెరిగారు. ముఖ్యంగా ఆందోళన, భయం వంటి మానసిక కారణాలతో. 1987 అక్టోబర్ 19న అక్కడి మార్కెట్ ఒక్కరోజులో కూలినప్పుడు చేరికలు 5 శాతానికి పైగా పెరిగాయి. 2016లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో వచ్చింది.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేగం. డబ్బు పోయాక తిండి తగ్గి, మందులు తగ్గి జబ్బు చేయడం కాదు. తెర మీద ఎరుపు చూసిన రోజే ఒంటికి తెలిసిపోతోంది. మామూలు పతనాలకు వచ్చే పెరుగుదల శాతంలో సుమారు పావు వంతేనని వాళ్లే రాశారు. కానీ రోజువారీ లెక్క కనుక ఏడాదికి చాలామందే అవుతారు.

డిసెంబరులో ఆప్షన్లలో దెబ్బతిని రెండు రాత్రులు గుండె దడతో కూర్చున్నాను. ఈసీజీ తీసి, "ఏమీ లేదు, ఫోను చూడటం తగ్గించండి" అని పంపించారు. ఆ 600 రూపాయలు కూడా నష్టాల ఖాతాలో రాసుకున్నాను.

---

సందేహాల_రావు | శనివారం, సాయంత్రం 4:30

అయితే మార్కెట్ పెరిగిన రోజు ఆసుపత్రులు ఖాళీ అవుతాయా?

---

మురళీనగర్_మార్కెట్ | శనివారం, సాయంత్రం 4:41

ఆ మేలు మాత్రం కనబడలేదండీ రావుగారూ. పోగొట్టుకున్న రూపాయి కుట్టినంతగా వచ్చిన రూపాయి ముద్దు పెట్టుకోదు.

---

ఏయూ_పరిశోధక | శనివారం, సాయంత్రం 5:10

దానికి జంటగా చదవాల్సింది స్వీడన్ లాటరీ పత్రం. డేవిడ్ సెసరీని, ఎరిక్ లిండ్‌క్విస్ట్ బృందం 2016లో రాసింది. పెద్ద మొత్తాలు గెలిచినవారు గెలవనివారి కంటే ఎక్కువ కాలం బతికారా? లేదు. డబ్బున్నవారు ఎక్కువ కాలం బతుకుతారని అన్ని దేశాల్లోనూ కనబడుతుంది కానీ, ఉన్నట్టుండి డబ్బు చేతిలో పెడితే ఆయుష్షు పెరగలేదు. స్వీడన్‌లో వైద్యం అందరికీ ప్రభుత్వమే చూసుకుంటుంది కనుక, డబ్బు కొనిపెట్టగలిగే వైద్యం అక్కడ పెద్దగా మిగిలి లేదన్నది గుర్తుంచుకోవాలి. ఇదే లాటరీ మన దగ్గర తీస్తే జవాబు వేరుగా ఉండవచ్చని నా ఊహ. ఊహ మాత్రమే.

---

ఉద్దానం_బిడ్డ | శనివారం, రాత్రి 10:20

రెండేళ్లుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మాది కవిటి దగ్గర పల్లె. కిడ్నీ జబ్బు మా ప్రాంతంలో ఇంటికో కథ, మీకు తెలిసిందే. మా నాన్నకు డయాలసిస్ మొదలైనప్పుడు మాకు దగ్గరలో సౌకర్యం లేక విశాఖలో కంచరపాలెంలో గది అద్దెకు తీసుకున్నాం. డయాలసిస్‌కు డబ్బు తీసుకోలేదు, నిజం. ఆ గది అద్దె, వారానికి మూడుసార్లు ఆటో, నేను మానుకున్న పని, అమ్మ మానుకున్న జీడిపిక్కల పని, వీటికి ఏ పథకమూ లేదు. మొదట చిట్టీ పాడేశాం. తర్వాత అమ్మ మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది. తర్వాత నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నాన్న పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ఆ వడ్డీ కడుతున్నాను.

ఇలాంటివి ఎవరైనా లెక్క కట్టారా? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

ఏయూ_పరిశోధక | శనివారం, రాత్రి 11:05

అన్నా, కట్టారు. మనోజ్ మోహనన్ అనే ఆయన కర్ణాటకలో బస్సు ప్రమాదాల్లో గాయపడినవారి కుటుంబాలను తీసుకుని 2013లో ఒక పత్రం ప్రచురించారు. బస్సు ప్రమాదం ఎందుకంటే, ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే తెలియదు. అదే దారిలో బస్సెక్కే, దెబ్బ తగలని కుటుంబాలతో పోల్చారు. తేలింది ఇది: గాయపడిన కుటుంబం తిండి, ఇల్లు, పండుగల ఖర్చు పెద్దగా తగ్గించుకోలేదు. చదువుల ఖర్చు మాత్రం కాస్త తగ్గింది. మిగిలిన భారమంతా అప్పు మీద పడింది. బయటి నుంచి చూస్తే ఇల్లు మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది. ప్రమాదమై ఏడాది గడిచినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

మీరు రాసినదానికీ దానికీ నాకు తేడా కనబడలేదు.

---

వార్డు_సిస్టర్ | శనివారం, రాత్రి 11:30

బాబూ, నాన్నగారి డయాలసిస్ కాగితాలు, ఖర్చు రసీదులు పారేయకండి. ఎవరైనా అడిగే రోజు వస్తే చూపించడానికి ఉండాలి.

---

పాలసీ_మిత్ర | ఆదివారం, ఉదయం 8:00

నేను బీమా ఏజెంటునని ముందే చెబుతున్నాను, తర్వాత తిట్టకండి.

ఆవర్జా గారూ, మీరు పదకొండేళ్లు కట్టారు. ఇప్పుడు వదిలేస్తే పోయేది ఈ ఏడాది రక్షణ ఒక్కటే కాదు. 2024లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు మార్చింది. పాత జబ్బుల కోసం ఆగాల్సిన కాలం గరిష్ఠంగా మూడేళ్లు. అయిదేళ్లు వరుసగా కట్టినవారి క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, ఏదో దాచారన్న సాకుతో తిప్పి కొట్టకూడదు. మీరు ఈ రెండు గట్లూ ఎప్పుడో దాటేశారు. వదిలేసి 69లో మళ్లీ కొత్తగా చేరితే మొదటి మెట్టు నుంచి రావాలి. పైగా 2025 జనవరి నుంచి 60 దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే కంపెనీ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలి. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది.

70 నిండితే ఆదాయంతో పని లేకుండా 5 లక్షల కేంద్ర కార్డు వస్తుంది. మీకు ఇంకా రెండేళ్లు, అమ్మగారికి ఏడేళ్లు. ఆ ఏడేళ్లే చూసుకోవాలి.

పాలసీ పుస్తకంలో గది అద్దె పరిమితి ఎంతో చదవండి. రోజుకు 5 వేల పరిమితి ఉండి 10 వేల గదిలో చేరితే కోత గదికి మాత్రమే పడదు, డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగమవుతాయి. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

---

చిట్టా_ఆవర్జా | ఆదివారం, ఉదయం 8:25

ఇది నాకు తెలియదు. పదకొండేళ్లుగా కడుతున్న పుస్తకంలో ఆ పేజీ తెరవలేదంటే సిగ్గుగా ఉంది.

---

గాజువాక_కార్మికుడు | ఆదివారం, ఉదయం 10:10

అందరూ కార్డుల గురించే మాట్లాడుతున్నారు. అసలు జబ్బు ఎందుకు వస్తోందో అడగరా? మా వైపు కిటికీ తెరిస్తే అద్దం మీద నల్లటి ధూళి. కాలువల్లో నీళ్లు కదలవు. ఆపరేషన్లకు కోట్లు పోసే ప్రభుత్వాలు మురుగు కాలువకు ఎందుకు పోయవు? కాలువ తవ్వితే ఓటు రాదు, గుండె ఆపరేషన్ చేయిస్తే జన్మంతా గుర్తుంటుంది. ఇంతకు మించిన రాజకీయ ఆర్థికశాస్త్రం ఏముంది?

---

ఏయూ_పరిశోధక | ఆదివారం, ఉదయం 11:00

మీరు చెప్పింది అచ్చం ఇలాగే కొలిచారండీ. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో అమెరికా ఓటర్ల మీద రాసిన పత్రం. విపత్తు వచ్చాక సహాయం పంచిన పాలకుడికి జనం ఓట్లు వేశారు. విపత్తు రాకముందే జాగ్రత్తలకు ఖర్చు పెట్టినవాడిని పట్టించుకోలేదు. ముందుజాగ్రత్తకు పెట్టిన ఒక డాలరు తర్వాతి నష్టాల్లో సుమారు 15 డాలర్లు ఆదా చేస్తుందని వాళ్ల అంచనా.

2014 అక్టోబర్ 12 తర్వాతి వారం మనలో ఎవరు మరిచిపోతారు? హుద్‌హుద్‌లో పాలు, నీళ్లు, కొవ్వొత్తులు పంచినవారి పేర్లు మా వీధిలో ఇప్పటికీ చెబుతారు. ముందే హెచ్చరికలు పంపి, తీరం నుంచి జనాన్ని ఖాళీ చేయించి ప్రాణాలు కాపాడిన ఉద్యోగి పేరు ఒక్కటీ ఎవరికీ తెలియదు.

---

సందేహాల_రావు | ఆదివారం, ఉదయం 11:40

గాజువాక వారికి నా వంతు సాయం. నీళ్ల మీద ఒక ప్రసిద్ధ పత్రం ఉంది. డేవిడ్ కట్లర్, గ్రాంట్ మిల్లర్, 2005. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా పెద్ద నగరాల్లో మరణాలు తగ్గడంలో దాదాపు సగం ఘనత శుభ్రమైన నీటిదే. సందేహాలున్నా మంచి విషయం ఒప్పుకుంటాను.

---

ఏయూ_పరిశోధక | ఆదివారం, మధ్యాహ్నం 12:15

రావుగారూ, ఈసారి సందేహించాల్సింది మీరే! మార్క్ ఆండర్సన్, కెర్విన్ చార్లెస్, డేనియల్ రీస్ అదే లెక్కను 25 నగరాలతో, 1900 నుంచి 1940 వరకు, మళ్లీ చేశారు. పాత పట్టికల్లో అంకెలు ఎక్కించడంలో పొరపాట్లు దొరికాయి. సరిచేస్తే ఆ "సగం" నిలబడలేదు. నీటి వడపోత వల్ల శిశు మరణాలు తగ్గడం మాత్రం నిలిచింది. మొత్తం మరణాల మీద ప్రభావం చాలా చిన్నది.

అలాగని నీళ్లు వదిలేయమని కాదు. మైకేల్ క్రెమర్ బృందం పేద దేశాల ప్రయోగాలన్నీ ఒకచోట కూర్చి చూస్తే, తాగే నీటిని శుద్ధి చేయడం వల్ల అయిదేళ్లలోపు పిల్లల మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గుతాయని తేలింది. నల్లా నీళ్లు తాగి నిరుడు పచ్చకామెర్లతో నెల రోజులు మంచం మీద ఉన్నదాన్ని, నాకు ఆ పత్రం మీద ప్రత్యేకమైన అభిమానం.

---

సందేహాల_రావు | ఆదివారం, మధ్యాహ్నం 12:22

ఒక్కసారి నమ్మితే ఇదీ ఫలితం.

---

మురళీనగర్_మార్కెట్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఓట్ల మాట వచ్చింది కనుక ఇంకొకటి. థామస్ ఫుజివారా, బ్రెజిల్, 2015. అక్కడ కాగితం బ్యాలెట్ మీద అభ్యర్థి పేరో అంకెలో రాయాలి. చదువు రానివారి ఓట్లు కుప్పలుగా చెల్లకుండా పోయేవి. 1998లో 40,500 మందికి మించి ఓటర్లున్న పట్టణాల్లో మాత్రమే యంత్రాలు పెట్టారు. తెర మీద అభ్యర్థి ఫొటో వచ్చేది. ఆ గీతకు కాస్త పైనున్న ఊళ్లనూ కాస్త కిందున్న ఊళ్లనూ పోల్చాడు. చెల్లే ఓట్లు పెరిగాయి. పేదలు ఎన్నుకున్నవారు వచ్చారు. ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు పెరిగింది. చదువు రాని తల్లులు గర్భిణిగా ఉన్నప్పుడు చేయించుకునే పరీక్షలు పెరిగాయి. తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. ఓటు యంత్రం నుంచి పసిబిడ్డ బరువు దాకా! నేను రెండుసార్లు చదివాను.

---

చిట్టా_ఆవర్జా | ఆదివారం, మధ్యాహ్నం 2:10

అద్భుతంగా ఉంది. కానీ ఒక పేచీ. మనకు 1951–52 మొదటి ఎన్నికల నుంచే గుర్తులు ఉన్నాయి. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. అక్షరం రాని మా అమ్మమ్మ ఓటు ఏనాడూ చెల్లకుండా పోలేదు. బ్రెజిల్ పేదవాడికి 1998లో దొరికింది మనవాడికి అప్పుడే దొరికింది. మరి మన ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు 2021–22లో కూడా దేశ ఉత్పత్తిలో 1.84 శాతమే ఎందుకుంది?

---

గాజువాక_కార్మికుడు | ఆదివారం, మధ్యాహ్నం 2:35

ఓటు చెల్లింది. అడగడం నేర్పలేదు.

---

ఏయూ_పరిశోధక | ఆదివారం, మధ్యాహ్నం 3:05

1.84 శాతంతో పాటు అదే లెక్కల్లోని ఇంకో అంకె కూడా చెప్పాలి మాస్టారూ. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పోయేది 2013–14లో 64.2 శాతం, 2021–22లో 39.4 శాతం. పెద్ద మార్పే. ఆ అంకె ఎలా కట్టారన్న దాని మీద ఆర్థికవేత్తల్లో వాదన ఉంది. 2021–22 కరోనా టీకాల ఏడాది, ప్రభుత్వ ఖర్చు మామూలు కంటే ఎక్కువ. కింద గీత గీసేముందు అది గుర్తుండాలి.

---

వార్డు_సిస్టర్ | ఆదివారం, రాత్రి 7:45

ఆసుపత్రులను పెట్టుబడి సంస్థలు కొనుక్కోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. నాతో చదువుకున్నవాళ్లు సగం మంది అలాంటి చోటే చేస్తున్నారు. యజమాని మారాక ఒక్కో నర్సుకు ఎన్ని మంచాలు పెరిగాయో ఫోనులో చెప్పుకుని ఏడుస్తారు. దీని మీద పరిశోధన ఉందా అమ్మా?

---

ఏయూ_పరిశోధక | ఆదివారం, రాత్రి 8:30

ఉందండీ, ఈ మధ్య ఆర్థికశాస్త్ర పత్రికల్లో ఎక్కువగా నలుగుతున్నది ఇదే. ప్రైవేట్ ఈక్విటీ అంటే పదిమంది డబ్బు పోగుచేసి, దానికి అప్పు కలిపి, ఒక సంస్థను కొని, కొన్నేళ్లలో లాభానికి అమ్మేసే నిధి. అతుల్ గుప్తా, సబ్రీనా హోవెల్, కాన్‌స్టంటైన్ యనెలిస్, అభినవ్ గుప్తా అమెరికాలోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల మీద చేశారు. ఇలా చేతులు మారిన కేంద్రాల్లో కొద్ది రోజుల సంరక్షణకు చేరిన వృద్ధుల మరణాలు దాదాపు 10 శాతం ఎక్కువ. అదే సమయంలో దగ్గరుండి చూసుకునే సహాయకుల గంటలు తగ్గాయి.

2023 డిసెంబరులో జామా అనే వైద్య పత్రికలో స్నేహ కన్నన్, జోసెఫ్ బ్రూచ్, జిరుయ్ సాంగ్ ఆసుపత్రుల మీద రాశారు. చేతులు మారిన 51 ఆసుపత్రులను, మారని 259తో పోల్చారు. ఆసుపత్రిలో ఉండగా రోగికి జరిగే హాని 25 శాతం పెరిగింది. మంచం మీద నుంచి, నడుస్తూ పడిపోవడాలు 27 శాతం పెరిగాయి. పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం ద్వారా వచ్చే ఇన్‌ఫెక్షన్లు 38 శాతం పెరిగాయి, అదీ ఆ గొట్టాలు వేయడం తగ్గాక కూడా.

---

వార్డు_సిస్టర్ | ఆదివారం, రాత్రి 8:42

పడిపోవడాలు, గొట్టం ఇన్‌ఫెక్షన్లు. ఈ రెండూ డాక్టరు తప్పులు కావు. బాత్రూముకు తోడు వెళ్లడానికి మనిషి లేకపోతే పడతారు. గొట్టం దగ్గర కట్టు మార్చే తీరిక లేకపోతే చీము పడుతుంది. ఇదంతా నర్సుల లెక్కే.

---

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:00

ఇద్దరు సభ్యులు నగరంలోని ఫలానా ఆసుపత్రి అంటూ పేర్లు రాశారు, తొలగించాను. పరిశోధన చర్చించండి. సొంత ఫిర్యాదులకు పేర్లు పెట్టవద్దు. కొత్త వైద్య కళాశాలల పీపీపీ (ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం) మీద పార్టీల గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

---

సందేహాల_రావు | ఆదివారం, రాత్రి 9:20

అంతా ప్రైవేటును తిడుతున్నారు. మధ్యప్రదేశ్ పత్రం సంగతి? జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ బృందం, 2016. శిక్షణ ఇచ్చిన మనుషులను రోగుల్లా నటించమని ప్రభుత్వ డాక్టర్ల దగ్గరకు పంపారు. అదే డాక్టరు సాయంత్రం నడిపే సొంత క్లినిక్‌కూ పంపారు. మనిషి ఒకడే, చదువు ఒకటే. సొంత క్లినిక్‌లో ఎక్కువసేపు చూశాడు, ఎక్కువ ప్రశ్నలు అడిగాడు, సరైన మందు ఎక్కువసార్లు రాశాడు. దీనికేమంటారు?

---

వార్డు_సిస్టర్ | ఆదివారం, రాత్రి 9:50

పొద్దున ఓపీలో ఆయన ముందు ఎంతమంది నిలబడ్డారో కూడా లెక్క పెట్టారా రావుగారూ?

---

ఏయూ_పరిశోధక | ఆదివారం, రాత్రి 10:05

పెట్టారండీ సిస్టర్ గారూ. ఆ గ్రామీణ కేంద్రాల్లో రద్దీ అంతగా లేదు. మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీ వరుస ఊహించుకుని ఆ పత్రం చదివితే తప్పు దారి పడతాం. అయితే అక్కడి మాట ఇక్కడ అలాగే వర్తిస్తుందని రావుగారు అనడానికీ అదే కారణంతో వీల్లేదు.

వెళ్లేముందు ఉద్దానం అన్నకు ఒకటి. రాజస్థాన్ ప్రభుత్వ బీమాలో రాధికా జైన్, పాస్కలీన్ దూపా 40 లక్షలకు పైగా ఆసుపత్రి చేరికలు తీసి చూశారు. ఒక్క రూపాయి కట్టనక్కరలేని పథకం. అయినా చేరికల్లో ఆడవాళ్లు 45 శాతమే. పిల్లల్లో, వృద్ధుల్లో ఇంకా తక్కువ. ఆసుపత్రి దూరమయ్యేకొద్దీ ఆడవాళ్లే ముందు రాలిపోయారు. ఆటో ఖర్చు, తోడు వచ్చేవారి కూలి ఎవరి కోసం పెట్టాలన్న నిర్ణయం దగ్గర. మీరు రాసిన గది అద్దె, ఆటో లెక్క చదివినప్పుడు ఇదే గుర్తొచ్చింది.

---

ఉద్దానం_బిడ్డ | సోమవారం, ఉదయం 6:10

అమ్మకు కాళ్లు వాస్తున్నాయని ఏడాదిగా అంటోంది. రక్తపరీక్ష చేయించలేదు. ఈ వారం తీసుకొస్తాను.

---

వార్డు_సిస్టర్ | సోమవారం, ఉదయం 6:25

ఈ వారం కాదు బాబూ, రేపే. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, రెండూ చేయించమని అడగండి. నొప్పి మాత్రలు వేసుకుంటుంటే ఆపించండి. ఫలితం వచ్చాక నాకు విడిగా సందేశం పెట్టండి.

---

చిట్టా_ఆవర్జా | సోమవారం, రాత్రి 9:15

రాజస్థాన్ సంగతి భోజనాల దగ్గర మా ఆవిడకు చదివి వినిపించాను. విని ఊరుకుంది. చేయి కడుక్కుని బీరువాలోంచి బీమా ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది.

పదకొండేళ్లలో మూడు క్లెయిములు. 2017లో నా హెర్నియా. 2020లో నా గాల్‌బ్లాడర్ రాయి. 2023లో నా కంటి శుక్లం. ఆవిడ పేరున ఒక్కటీ లేదు. "మోకాళ్లు నొప్పి అని నాలుగేళ్లుగా చెబుతున్నాను. తైలం తెచ్చి ఇచ్చారు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆవిడ మానేద్దామన్న పాలసీ ఎవరి పాలసీయో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు ఆవర్జా రాసినవాణ్ణి, ఎవరి పద్దు కింద ఎంత పడిందో నా ఇంట్లోనే చూసుకోలేదు.

గురువారం ఎముకల డాక్టరు దగ్గరకు పేరు రాయించాను. గది అద్దె పరిమితి చూశాను, రోజుకు 4 వేలు. మోకాలి మార్పిడికి పాలసీలో విడిగా పరిమితి ఉందా, పాలసీ_మిత్ర గారూ? ఆఖరి తేదీ 21 అన్నాను కదా, ఇవాళ 16.

---

పాలసీ_మిత్ర | సోమవారం, రాత్రి 9:40

కొన్ని పాలసీల్లో ఉంటుందండీ, ఒక్కో మోకాలికి ఇంత అని. షెడ్యూల్ పేజీ ఫొటో తీసి పంపండి, పాలసీ నంబరు మీద వేలు పెట్టి తీయండి. ముందు డబ్బు కట్టేయండి, తర్వాత వాదించుకుందాం.